ఆ సందు మాత్రం మూయనివ్వకు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కొత్త పేట మొత్తం గీసే పని నీకు అప్పగించారట. ఇళ్ళూ దుకాణాలూ బడీ ఆస్పత్రీ అన్నీ నడిచి వెళ్ళేంత దూరంలో, కారు లేనివాళ్ళకు కూడా ఏ లోటూ రాకుండా. వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై తొమ్మిదేళ్ళకే ఇంత పని! ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు ఇదే పని చేసినదాన్ని, ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు. అందుకే తెల్లారగానే కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. ఫుట్‌పాత్ ఎక్కడా తెగకూడదు. గేటు ఉన్నచోటల్లా మనిషి దిగి ఎక్కడం కాదు, కారే ఎక్కి దిగాలి. నీడకు చెట్లు, మధ్యమధ్యలో కూర్చోడానికి బల్లలు, రాత్రికి దీపాలు. లోపలి వీధుల్లో వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు. 50లో వచ్చే బండి దెబ్బకు 30లో వచ్చేదానికంటే దాదాపు మూడు రెట్ల బలం ఉంటుంది. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరం 1992లోనే లోపలి వీధులన్నిటికీ ఈ హద్దు పెట్టింది. అయితే బోర్డు చూసి ఎవరూ నెమ్మదించరు, వీధి సన్నగా ఉండి మలుపు బిగువుగా ఉంటేనే కాలు బ్రేకు మీదికి వెళుతుంది. ఫైరింజను పట్టదని అభ్యంతరం వస్తుంది. దానికి నియమం అడిగినంత అడ్డులేని దారి వదులు, తీసిపెట్టుకునే స్తంభాలు పెట్టు. అంతకు మించి వెడల్పు ఇవ్వకు.

పార్కింగ్ దగ్గర గట్టిగా ఉండు. ఒక్క కారు నిలపడానికి పన్నెండు చదరపు మీటర్లు చాలనిపిస్తుంది గానీ, తిప్పుకునే దారి కూడా కలిపితే 25 నుంచి 30 అవుతుంది. ఒక మనిషి కాపురం ఉండేంత చోటు! అమెరికాలో బఫలో నగరం, కట్టే ప్రతి భవనానికీ ఇన్ని పార్కింగులు ఉండి తీరాలన్న నియమాన్ని 2017లో ఎత్తేసింది. జర్మనీలో ఫ్రైబుర్గ్ నగరంలోని వోబాన్ పేటలో చాలామంది కార్లు అంచున కట్టిన అంతస్తుల గ్యారేజీల్లో ఉంటాయి. కారు ఉన్నవాళ్ళు ఆ చోటును ఇంటితో సంబంధం లేకుండా విడిగా కొనుక్కోవాలి. ఇంటి ముందు కారు లేకపోయేసరికి ఆ వీధులు పిల్లలవయ్యాయి. కానీ సామాను దించుకునేవాళ్ళకు, నడవలేనివాళ్ళకు, అంబులెన్సుకు గుమ్మందాకా దారి ఉండాలి. ఇది మరిచిపోయి మీరందరూ ఉత్సాహంలో కొట్టుకుపోతారేమోనని నా దిగులు.

దుకాణాల్ని మూలకు తోసెయ్యకు. ఇళ్ళొకచోట, అంగళ్ళొకచోట, పరిశ్రమలొకచోట అంటూ అమెరికాలో యూక్లిడ్ అనే చిన్న ఊరు పెట్టుకున్న నియమం చెల్లుతుందని 1926లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పొగా రొదా ఇళ్ళ మీదికి రాకూడదనుకోవడం న్యాయమే. మందుల షాపు వల్ల ఎవరికి పొగ? అయినా అదే కత్తితో దాన్నీ కోసి దూరంగా పడేశారు, ఒక తలనొప్పి మాత్రకు కూడా కారు తీయాల్సొచ్చింది. పెద్ద వీధి మీది కింది అంతస్తులన్నీ నాలుగు మీటర్ల ఎత్తు గీయి. మొదట్లో ఇల్లుగా ఉన్నది జనం పెరిగాక షాపుగా మారగలగాలి. మొదటి రెండేళ్ళు కొన్ని ఖాళీగా పడి ఉంటాయి, బెంబేలెత్తకు. కార్లు రాకపోతే బేరాలు పోతాయని వ్యాపారులు గొడవ చేస్తారు. కోపెన్‌హాగెన్‌లో స్ట్రోయెట్ వీధిని 1962లో నడిచేవాళ్ళకు వదిలినప్పుడూ అదే గొడవ. ఇవాళ ఆ ఊళ్ళో జనం కిటకిటలాడే అంగళ్ళ వీధి అదే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నేను ఉద్యోగంలో చేరి మూడో ఏడు. ఒక లేఅవుట్ గీస్తూ, లోపలి ఇళ్ళ వరసల నుంచి బడికి మూడు మీటర్ల వెడల్పున ఒక నడక సందు పెట్టాను. అవతల దిగితే బడి, పక్కనే బస్సు ఆగే చోటు. ఆ ప్లాను మొత్తంలో నాకు ఇష్టమైన గీత అదే. సమావేశంలో సందు పక్క ప్లాట్లవాళ్ళు లేచారు. ఎవరెవరో వస్తారు, దొంగల భయం, చెత్త వేస్తారు అన్నారు. మా పైఅధికారి నావైపు చూశారు. ఏం జవాబు చెప్పాలో తోచలేదు. ‘సరే, తీసేద్దాం’ అని రబ్బరు తీసుకుని అక్కడికక్కడే చెరిపేశాను. అర నిమిషం పట్టిందేమో. ఆ మూడు మీటర్లూ చెరిసగం అటూ ఇటూ ప్లాట్లలో కలిసిపోయాయి. వెనక ప్రహరీ లేచింది.

ఆరేళ్ళ తర్వాత వేరే పనిమీద అటు వెళ్ళాను. పొద్దున్న, బడి వేళ. నేను సందు గీసిన చోటికి ఆనుకుని ఖాళీ ప్లాటు ఒకటి ఉంటే, అందులోంచి గోడ దాకా నడిచాను. తిన్నగా గీత గీస్తే బడి అక్కణ్ణుంచి నూట ఎనభై మీటర్లు. రోడ్డు పట్టుకుని చుట్టి వెళితే కిలోమీటరున్నర, అందులో సగం లారీలు తిరిగే పెద్ద రోడ్డు. గోడ మొదట్లో మూడు ఇటుకలు పేర్చి ఉన్నాయి. వాటికి సరిగ్గా పైన, గోడ అంచు మూరెడు మేర నల్లగా, నున్నగా మెరుస్తోంది. చేతులు ఆనీ ఆనీ అరిగిన నునుపు. చూస్తుండగానే ఎనిమిదేళ్ళ పిల్లాడొకడు వచ్చి సంచీ అవతలికి విసిరాడు. ఇటుకల మీద కాలు మోపి, పొట్ట గోడకు ఆనించి, ఒక్క ఊపున ఎక్కి అటు మాయమయ్యాడు. వెనకే వచ్చిన వాళ్ళ నానమ్మకు వాడు కనిపించడం లేదు. గోడకు చెవి ఆనించి ‘దిగావా?’ అని అడిగింది. అటునుంచి ‘దిగా’ అని వినపడ్డాక గానీ ఆవిడ కదల్లేదు.

మిగతా పిల్లలందరూ బళ్ళమీదా కార్లలోనూ పోతున్నారు. బడి ఇంత దగ్గర పెట్టుకుని కారెందుకని ఒకావిణ్ణి అడిగాను. ‘దగ్గరే, దారేదీ?’ అంది. నాకు నోట మాట రాలేదు. ఆ తర్వాత తెరిపించడానికి ఎన్నేళ్ళు తిరిగానో! ఆ నేల అమ్ముడైపోయింది, రిజిస్ట్రేషన్లు అయిపోయాయి, ఒకాయన దాని మీద గది కూడా వేసుకున్నాడు. నేను రిటైరయ్యేనాటికీ ఆ గోడ అలాగే ఉంది.

హాలండ్‌లో గ్రోనింగెన్ ఊరు 1977లో నడిబొడ్డును నాలుగు భాగాలు చేసి, ఒకదాన్నుంచి ఇంకొకదానికి కార్లు తిన్నగా పోకుండా ఆపేసింది. కారు బయటి రోడ్డెక్కి చుట్టి రావాలి, నడిచేవాళ్ళూ సైకిళ్ళూ మాత్రం తిన్నగా పోతారు. నేను చేసింది దీనికి తలకిందులు. పిల్లల్ని చుట్టూ తిప్పాను.

అందుకే చెబుతున్నా, నీ సందుల్ని ప్లానులో గీతలుగా వదిలెయ్యకు. ఒక్క ప్లాటు అమ్మకముందే వాటిని అందరి దారిగా దస్తావేజుల్లో రాయించు. భయపడేవాళ్ళను కసురుకోకు, చీకటి సందంటే నాకూ భయమే. వాళ్ళకు చెప్పాల్సిన జవాబు ముందే గీసి పెట్టుకుని వెళ్ళు: సందు పొట్టిగా ఉండాలి, మొదట్లో నిలబడితే చివర కనిపించాలి, రెండు పక్కలా కిటికీలు దాని మీదికి తెరుచుకోవాలి, మొగలో ఒక దుకాణం ఉండాలి. వీధికి కాపలా అక్కడ ఉండేవాళ్ళ కళ్ళేనని, నగరాల గురించి రాసిన అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే రాసింది. ఆ మాట నేను చదివే ఉన్నాను. ఆ రోజు సమావేశంలో గుర్తు రాలేదు.

ఇంకొకటి. మీ వాళ్ళందరూ ‘పదిహేను నిమిషాల నగరం’ అంటున్నారట, అంటే రోజూ కావాల్సినవన్నీ ఇంటి నుంచి నడిచో సైకిల్ మీదో పదిహేను నిమిషాల్లో అందాలని. పారిస్ ప్రొఫెసర్ కార్లోస్ మొరెనో చెప్పిన ఆలోచన మంచిదే, ఆ ఊళ్ళో పనులు కూడా జరిగాయి. కానీ ఎవరి పదిహేను నిమిషాలు? చాలాచోట్ల రోడ్డు దాటే సిగ్నల్‌ను సెకనుకు 1.2 మీటర్ల నడకకు లెక్కగడతారు. ఆ లెక్కన పదిహేను నిమిషాలకు వెయ్యీ ఎనభై మీటర్లు. సెకనుకు 0.8 నడిచే ముసలివాళ్ళకు ఏడువందల ఇరవయ్యే. పదిహేను మీటర్ల రోడ్డు నీకు పన్నెండున్నర సెకన్లు, వాళ్ళకు పంతొమ్మిది. ఆ ఆరు సెకన్లూ నడిరోడ్డు మీద ఎలా గడుస్తాయో మీ అమ్మమ్మ చెయ్యి పట్టుకుని దాటించినప్పుడు తెలిసింది. రోడ్డు మధ్యలో ఆగే దిమ్మె కట్టు. డబ్బు మిగలదంటే వేరేది తగ్గించుకో.

నువ్వేమో చిన్నప్పటినుంచీ పరుగే. నాలుగేళ్ళప్పుడు నా వేలు విడిపించుకుని ముందుకు ఉరికి, మళ్ళీ వెనక్కొచ్చి ‘పెద్దమ్మా, నువ్వెందుకింత నెమ్మది?’ అని అడిగేదానివి. ఆ పరుగుతోనే దూరాలు కొలిచేస్తావని నా భయం. కోప్పడుతున్నాననుకోకు బంగారూ. నీ మీద నమ్మకం లేక రాస్తున్నది కాదు.

ప్లాను ప్రతి నాకు పంపు. గోడలన్నీ వేరే రంగులో గీసి పంపు. ముగ్గులు వేసి రోడ్లు గుర్తు పెట్టిన రోజు నన్ను తీసుకెళ్ళు. చివరి ఇంటి నుంచి బడి దాకా, బడి నుంచి బస్సు దాకా నేను నడుస్తాను. మోకాళ్ళ మాత్రలు తెచ్చుకుంటాలే. నువ్వు గడియారం పట్టుకుని నా పక్కనే రా.

మీ పెద్దమ్మ