లాగ్‌బుక్‌లో లేని రెండు ముక్కలు

చిరంజీవి తమ్ముడికి,

బోయింగ్ 737 మ్యాక్స్ మీద నువ్వు రాసిన కథ చదివాను. మొదటి మూడు పేజీలు తీసెయ్. విమానం సముద్రంలోకి దూసుకుపోవడం, లోపల హాహాకారాలు... 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో కూలిన లయన్ ఎయిర్ విమానంలో ఆ 189 మంది ఆఖరి నిమిషాల్లో ఏమనుకున్నారో నీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలిసిన సంగతులే అంతకంటే భయంకరంగా ఉన్నాయి.

కథని ఒక రోజు వెనక్కి జరుపు. 2018 అక్టోబర్ 28 రాత్రి అదే లయన్ ఎయిర్ విమానం బాలి నుంచి జకార్తాకి బయల్దేరింది. విమానం ముక్కు గాలికి ఎంత కోణంలో ఉందో చెప్పే సెన్సర్లలో ఎడమవైపుది ఆ రోజే మార్చారు. మార్చి పెట్టింది 21 డిగ్రీలు తప్పు చూపిస్తోంది. ఎమ్‌క్యాస్ అనే సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క సెన్సర్‌నే నమ్మి, ముక్కుని పదేపదే కిందికి దించుతోంది. కాక్‌పిట్‌లో అదనంగా మూడో పైలట్ కూర్చుని ఉన్నాడు. చివరికి తోకరెక్కని మోటారుతో కదిలించే ట్రిమ్ స్విచ్చులు ఆపేసి, ఆ రెక్కని కదిలించే చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ జకార్తా చేరారు. దిగాక లాగ్‌బుక్‌లో వేగం, ఎత్తు తేడాగా చూపిస్తున్నాయని రాశారు. పైలట్ చేతిలోని కంట్రోల్‌ని వణికించి హెచ్చరించే స్టిక్ షేకర్ అదురుతూనే ఉందనీ, స్విచ్చులు ఆపాల్సొచ్చిందనీ రాయలేదు. మర్నాడు పొద్దున ఆ విమానం ఎక్కిన పైలట్లకి ఆ రెండు ముక్కలు అందలేదు.

నీ కథ అక్కడ ఉంది. అయితే ఆ సిబ్బందిని తిట్టడానికి తొందరపడకు. మాన్యువల్లో ఎమ్‌క్యాస్ గురించి వివరణే పెట్టకపోతే వాళ్లు మాత్రం ఏమని రాస్తారు? పాత 737 నడిపినవాళ్లకి సిమ్యులేటర్ ట్రైనింగ్ అక్కర్లేదని చెప్పి అమ్మిన విమానం అది. ఒకవేళ అవసరం పడితే విమానానికి పది లక్షల డాలర్ల చొప్పున తగ్గిస్తామని అమెరికా విమాన కంపెనీ సౌత్‌వెస్ట్‌తో ఒప్పందం కూడా ఉండేది. ఎమ్‌క్యాస్ తోకరెక్కని మొదట 0.6 డిగ్రీలే కదిలించేది. తర్వాత దాన్ని 2.5 డిగ్రీలకి పెంచారు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకి ఇచ్చిన భద్రతా పత్రంలో మాత్రం పాత అంకే ఉండిపోయింది.

నీ ఇంజినీరు పాత్ర నాకు అస్సలు నచ్చలేదు. డబ్బు లెక్కపెట్టుకుంటూ నవ్వే ఇంజినీరు ఎక్కడుంటాడు? 2012లోనే సిమ్యులేటర్‌లో బోయింగ్ టెస్ట్ పైలట్‌కి ఎమ్‌క్యాస్ గోలని సర్దుకోడానికి 10 సెకన్లకి పైగా పట్టింది. పైలట్ 4 సెకన్లలో స్పందిస్తాడన్న లెక్క మాత్రం మారలేదు. 2015లో కంపెనీలోనే ఒక ఇంజినీరు ఒక్క సెన్సర్ చెడిపోతే ఎలాగని అడిగాడు. అలా అడిగిన మనిషిని ఊహించు. మర్నాడు మళ్లీ అదే ఆఫీసుకి వెళ్లాలి. ఇంటి లోను ఉందా, పిల్ల చదువు ఉందా, మళ్లీ అడిగితే మేనేజర్ మొహం ఎలా పెడతాడు? అది నువ్వు కల్పించుకోవచ్చు, కల్పించుకోవాలి కూడా. ఆ తప్పంతా ఒక్కడి నెత్తిన రుద్దకు. ఈ వ్యవహారంలో వ్యక్తిగా క్రిమినల్ కేసు ఎదుర్కొన్నది ఒక చీఫ్ టెక్నికల్ పైలట్ ఒక్కడే. 2022లో జ్యూరీ అతన్నీ నిర్దోషి అంది.

ఇంకోటి. ‘మంచి పైలట్లయితే బతికేవాళ్లు’ అన్న మాట రెండుచోట్ల వాడావు, కొట్టెయ్. 2019 మార్చి 10న కూలిన మరో మ్యాక్స్‌లో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు బోయింగ్ చెప్పినట్టే స్విచ్చులు ఆపారు. అప్పటికే వేగం మితిమీరింది, చేత్తో తిప్పబోతే చక్రం కదల్లేదు. ఇంజిన్ల శక్తిని అదుపు చేసే థ్రాటిల్ టేకాఫ్ పవర్‌లోనే ఉండిపోయిన మాట నిజమే, అదీ రాయి. మరి అన్ని అలారాలు ఒకేసారి మోగితే తల ఎటు తిప్పాలో వాళ్లకి ఎవరు నేర్పారు? 157 మంది పోయాక, 2020 నవంబర్లో మ్యాక్స్‌ని మళ్లీ ఎగరనిచ్చేటప్పుడు సిమ్యులేటర్ ట్రైనింగ్ తప్పనిసరి చేశారు.

లయన్ ఎయిర్ ప్రమాదం మీద ఇండోనేషియా వాళ్ల తుది నివేదిక 2019 అక్టోబర్లో వచ్చింది. ముందు అది చదువు. పొడి భాష, నిద్రొస్తుంది, అయినా చదువు. రెండో డ్రాఫ్ట్ దసరా అయ్యాక పంపినా సరే.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య