కాపలావాడి వైపు నుంచి రాయాలి

తమ్ముడికి,

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే టేబుల్ ఆట కోసం నువ్వు రాసిన గోల్కొండ సాహసం చదివాను. 1687 ముట్టడి రోజుల్లో మొఘల్ గూఢచారులు కోటలోకి దూరడం అనే ఊహ బాగుంది. గేటు దగ్గరి సిపాయి గురించి ‘ఇంట్లో పాపకి జ్వరం, అతని మనసంతా అక్కడే ఉంది’ అని రాసిన చోట కాసేపు ఆగిపోయాను. అలాంటి వాక్యం రాయగలవాడికి రాయడం వచ్చినట్టే. ఇక నాకు కోపం తెప్పించిన పేజీకి వస్తాను.

నువ్వు పెట్టిన రూల్ ఇది: స్టెల్త్ రోల్ (దొంగచాటుగా కదలడానికి వేసే పాచికకి నైపుణ్యం కలిపిన అంకె) 15 దాటితే ఆ క్యారెక్టర్ తర్వాతి టర్న్ దాకా ఎవరికీ కనబడడు. కింద ఇచ్చిన ఉదాహరణలో నీ రోగ్, అంటే దొంగ తరహా పాత్ర, 23 వేసి, కాగడాలు వెలుగుతున్న వాకిట్లో ఇద్దరు సిపాయిల ముఖాల ముందు నుంచే నడిచి వెళ్ళిపోయాడు. వాళ్ళు ఎటు చూస్తున్నారో రాయలేదు. ఏం మాట్లాడుకుంటున్నారో రాయలేదు. ఆ ఇద్దరిలో ఒకడు జ్వరం పాప తండ్రి. రూల్ దగ్గరికి వచ్చేసరికి అతనికి ‘పర్సెప్షన్ +2’ అనే గమనించే శక్తి అంకె తప్ప ఏమీ మిగల్లేదు. అది చూసి నిజంగా బాధ వేసింది.

నేను ఇన్నేళ్ళుగా మొత్తుకుంటున్నది ఒకటే. దాక్కునే రూల్‌ని కాపలావాడి వైపు నుంచి రాయాలి. అతనికి ఇప్పుడు ఏం తెలుసు, ఏం అనుమానిస్తున్నాడు, తర్వాత ఏం చేస్తాడు. ఈ మూడూ టేబుల్ దగ్గర అందరికీ తెలిస్తే సగం రోల్స్ అక్కర్లేదు. చిన్నప్పటి దాగుడుమూతలే చూడు. ‘ఎక్కడి దొంగలక్కడే గప్‌చుప్’ అన్నాక ఎవరెంత గొప్పగా దాక్కున్నారో ఎవరూ కొలవరు. కళ్ళు ఎప్పటిదాకా మూసి ఉంచాలి, ఎప్పుడు వెతకాలి, ఎలా పట్టుకుంటే అవుట్. రూల్స్ అన్నీ వెతికేవాడి చుట్టూనే ఉంటాయి.

నువ్వు ఎంచుకున్న కోట చరిత్రే చూడు. 1687లోనే ఒక రాత్రి ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు నిచ్చెనలు వేసి గోల్కొండ గోడ ఎక్కబోయారు. చీకటి, నిశ్శబ్దం, ఆరితేరిన సైనికులు. నీ రూల్ ప్రకారమైతే లోపలికి దిగిపోయేవాళ్ళే. ఒక ఊరకుక్క మొరిగింది. కోట మేలుకుంది, దాడి చెడిపోయింది. తానాషా ఆ కుక్కకి బంగారు గొలుసు వేయించాడని చరిత్రకారులు రాశారు. కొన్ని నెలల తర్వాత కోట ఎలా పడిపోయిందో నీకూ తెలుసు. లోపలివాడే తలుపు తీయించాడు. ఆ రెండుసార్లూ సంగతి తేల్చింది లోపల ఉన్నవాళ్ళే. నీ పేజీలన్నీ వెతికాను, కుక్క లేదు. పైగా ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపించే కోట అది. అక్కడికి పోయిన ప్రతివాడికీ గైడు చూపించేది అదే. అలాంటి కోట మీద రాస్తూ చూపు గురించే మాట్లాడావు, చప్పుడు ఊసే లేదు.

ఈ దారి వేసింది నువ్వు కాదులే, పెద్ద పుస్తకాలే వేశాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోకి థీఫ్ 1975లో గ్రేహాక్ అనుబంధంతో వచ్చాడు. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మొదటి లెవెల్ థీఫ్‌కి నీడలో దాక్కునే అవకాశం 10 శాతం, చప్పుడు కాకుండా నడిచే అవకాశం 15 శాతం. మూడో ఎడిషన్ 2000లో వచ్చి హైడ్‌కి (దాక్కోవడం) ఎదురు స్పాట్‌ని (చూసి పట్టడం), మూవ్ సైలెంట్లీకి (చప్పుడు లేకుండా నడవడం) ఎదురు లిజన్‌ని (వినడం) పెట్టింది. రోల్స్ విపరీతంగా పెరిగాయి గానీ, చూడటం వేరు, వినడం వేరు అన్న స్పృహ ఉంది. 2014 పుస్తకంలోని పాసివ్ పర్సెప్షన్, అంటే 10కి గార్డు గమనించే శక్తి మాడిఫయర్ కలిపిన అంకె, నాకు నచ్చింది. గార్డు ఊరికే నిలబడి ఉన్నా అతనికంటూ ఒక విలువ ఉంటుంది. 2024 పుస్తకం మళ్ళీ వెనక్కి నడిచింది. దాక్కోవాలంటే 15 రావాలి. ఎదురుగా నిద్రమత్తు సిపాయి ఉన్నా, డ్రాగన్ ఉన్నా ఆ 15 మారదు. వస్తే ఇన్విజిబుల్ కండిషన్, అంటే కనబడని స్థితి, దక్కుతుంది. నీ 15 ఎక్కడిదో నాకు అర్థమైంది. కానీ ఆ పుస్తకం కూడా ముందు శత్రువు చూపుకి అందకుండా, సరైన చాటునో చీకట్లోనో ఉండాలని షరతు పెట్టింది. నువ్వు షరతు వదిలేసి అంకె తెచ్చుకున్నావు.

2019 పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ (ఇలాంటిదే ఇంకో ఆట) ఒకసారి చదువు. నువ్వు ఏ చోట ఉన్నావో శత్రువుకి తెలుసు, కానీ కనబడవు. అది ఒక స్థితి. ఎక్కడున్నావో తెలియదు, అది రెండోది. అసలు వచ్చావనే తెలియదు, అది మూడోది. మూడూ చూసేవాడికి తెలిసినదాన్ని బట్టే నడుస్తాయి. కొత్తవాళ్ళు తికమకపడతారు, నిజమే. అయినా నేను చెప్పే దారి అదే.

నా మొదటి సాహసంలో కాపలాకి నాలుగు మెట్లు రాశాను: నిశ్చింత, అనుమానం, వెతుకులాట, కేక. ఏ పని చేస్తే గార్డు ఏ మెట్టు ఎక్కుతాడో, ఏం చేస్తే దిగుతాడో వివరంగా రాశాను. ఎడిటర్ అదంతా కొట్టేసి ‘స్టెల్త్, డీసీ 15’ అని, అంటే రోల్ 15 వస్తే చాలని, అచ్చేశాడు. పేజీలు తగ్గించాలట. మిగిలిన చోటులో కత్తి బొమ్మ వేశారు. ఒక ఆటల కన్వెన్షన్‌లో ఆ ప్రతితోనే ఆడించాల్సి వచ్చింది. ఐదుగురు ప్లేయర్లు, ఐదుగురూ విడివిడిగా రోల్ వేయాలి. ఒక్కొక్కరికి 70 శాతం అవకాశం ఉందనుకున్నా, అందరూ గెలిచే అవకాశం 17 శాతమే. గేటు దగ్గరే దొరికిపోయారు, మిగతా టైమంతా కత్తియుద్ధం. ఒకమ్మాయి తన దొంగ క్యారెక్టర్ కోసం కోట పటం గీసుకుని తెచ్చుకుంది. దాన్ని తెరిచే పనే పడలేదు. ఆ ఎడిటర్ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఈమధ్య రూల్స్ అన్నీ ఒక్క పేజీలో ఇరికించే ఫ్యాషన్ వచ్చింది కదా, అక్కడా ముందు ఎగిరిపోయేది గార్డు మనసే.

గుంపుగా వెళ్ళినప్పుడు గ్రూప్ చెక్ పెట్టు. సగం మంది గెలిస్తే అందరూ గెలిచినట్టే. అదే 70 శాతంతో ఐదుగురికి 84 వస్తుంది. గదిగదికీ రోల్ అడగొద్దు. నాలుగు గదులు దాటేసరికి 70 కాస్తా 24కి దిగిపోతుంది. బర్నింగ్ వీల్ అనే ఆటలో లాగా, ఒకసారి వేసిన రోల్ పరిస్థితి మారేదాకా చెల్లనీ. రోల్ పోతే వెంటనే కేక వేయించకు, గార్డుని ఒక్క మెట్టు ఎక్కించు చాలు. ప్లేయర్లకి ఏదో ఒకటి చేసే వీలు ఉండాలి.

ఇప్పుడు ఆ తండ్రిని తీసుకో. మొదటి చప్పుడు వింటే పిల్లి అనుకుంటాడు, ఎందుకంటే డ్యూటీ దిగి ఇంటికి పోవాలని ఉంది. రెండోసారి వింటే కాగడా పట్టుకుని వచ్చి చూస్తాడు, తోటివాణ్ణి మాత్రం పిలవడు, పిలిస్తే విచారణ, ఆలస్యం. గేటు బయట నుంచి ఎవరైనా హకీం పేరెత్తితే కాపలా వదిలి దగ్గరికొస్తాడు. ఇదంతా +2లో ఎక్కడ పడుతుంది చెప్పు? అతని గురించి నాలుగు లైన్లు రాస్తే ఆట నడిపే డీఎంకి రాత్రంతా సరిపడా సరుకు దొరుకుతుంది. ప్లేయర్లకి కూడా రోల్ కాకుండా ఇంకో దారి దొరుకుతుంది.

ఎక్కడ అచ్చు వేయించాలి, ఎంత అడగాలి, మ్యాజిక్ సంగతేంటి అని అడిగావు. అవన్నీ తర్వాత. ముందు ఈ పేజీ మార్చు, కుక్కని పెట్టు, నలుగురిని కూర్చోబెట్టి ఆడించు. ‘గార్డు ఎటు చూస్తున్నాడు?’ అని ప్లేయర్లు అడిగిన ప్రతిచోటా జవాబు నీ పుస్తకంలో ఉందో లేదో గుర్తు పెట్టుకుని ఆ కాగితాలు నాకు పంపు. జవాబు లేని చోట్లు ఇద్దరం కూర్చుని రాద్దాం.

ఉంటాను,
అన్నయ్య