గాజు శిల్పం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సమకాలీన గాజు శిల్పం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవాటిని ఎంచుకుని ఈ సంచికలో జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: గాజుతో గిన్నెలు, కూజాలు, దీపాలు వేల ఏళ్లుగా చేస్తూనే ఉన్నారు. అది శిల్పకళగా ఎప్పటినుంచి లెక్కలోకి వచ్చింది? 1962లో అమెరికాలో మొదలైందని చదివాను. నిజమేనా?

జవాబు: సగం నిజం. 1962లో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో కళా మ్యూజియం ఆవరణలో ఉన్న ఒక షెడ్డులో మార్చిలో ఒకటి, జూన్‌లో ఒకటి చొప్పున రెండు వర్క్‌షాపులు జరిగాయి. వాటిని నడిపిన హార్వే లిటిల్‌టన్ విశ్వవిద్యాలయంలో సిరామిక్స్ బోధించే అధ్యాపకుడు. ఆయన తండ్రి కార్నింగ్ గాజు కంపెనీలో భౌతిక శాస్త్రవేత్త. అప్పటిదాకా ఊదే గాజు దాదాపుగా ఫ్యాక్టరీ సొత్తు. కళాకారుడు కాగితం మీద బొమ్మ గీసి ఇస్తే పనివాళ్లు దాన్ని గాజులో తయారుచేసి ఇచ్చేవారు. ఒక మనిషి తన స్టూడియోలోనే చిన్న కొలిమి పెట్టుకుని, తానే గాజు కరిగించి, తానే ఊది, తనకు తోచిన రూపం తేగలడా అన్నది లిటిల్‌టన్ తేల్చుకోవాలనుకున్న సంగతి. మొదట కరిగించిన గాజు పనికి రాలేదు. డొమినిక్ లబీనో అనే గాజు పరిశోధకుడు కొలిమి అమరికను మార్పించి, ఫైబర్‌గ్లాస్ తయారీలో వాడే గాజు గోళీలను సమకూర్చాక గానీ పని సాగలేదు. ఇక ఊదడమెలాగో దగ్గరుండి చూపించింది హార్వే లీఫ్‌గ్రీన్ అనే విశ్రాంత ఫ్యాక్టరీ కార్మికుడు. ఇలా కళాకారులు తమ స్టూడియోల్లోనే గాజు పని చేసుకునే స్టూడియో గ్లాస్ ఉద్యమమంటే ఫ్యాక్టరీని కాదని కళాకారులు సాధించిన విజయంగా చెప్పడం ఆనవాయితీ అయింది గానీ, ఫ్యాక్టరీ గోళీలు, ఫ్యాక్టరీ మనిషి చేతి విద్య లేకపోతే ఆ షెడ్డులో ఏమీ జరిగేది కాదు.

మిగతా సగం చెకోస్లొవేకియాలో జరిగింది. జెలెజ్నీ బ్రోద్ అనే గాజు పనివాళ్ల పట్టణంలో స్తనిస్లావ్ లిబెన్‌స్కీ, యరొస్లావా బ్రిఖ్తొవా 1954 నుంచి కలిసి పనిచేశారు. ఆయన బొమ్మ గీసేవారు, ఆమె దాన్ని మట్టిలో మలిచేవారు, ఆ రూపాన్ని అచ్చులో గాజుగా పోత పోసేవారు. 1958 బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శనలో వారి పనిని ప్రపంచం చూసింది. అంటే టొలీడో షెడ్డుకు నాలుగేళ్ల ముందే. అమెరికన్లు ఊపిరితో గాజును స్వేచ్ఛగా కదిలించడం నేర్చుకుంటున్న కాలానికే వీరిద్దరూ గాజును రాయిలా, కంచులా ఘనమైన శిల్ప పదార్థంగా వాడుతున్నారు. నా మటుకు నేను ఈ రెండో పాయకే పెద్దపీట వేస్తాను.

ప్రశ్న: పెద్ద గాజు శిల్పాలను చల్లార్చడానికి నెలలు పడుతుందంటారు. గాజు గట్టిపడటానికి అంతకాలం ఎందుకు?

జవాబు: గట్టిపడటానికి అంతకాలం అక్కర్లేదు. లోపల ఒత్తిడి మిగలకుండా గట్టిపడటానికి కావాలి. వేడి గాజు పైభాగం ముందు చల్లబడి బిగుసుకుంటుంది. లోపలి భాగం ఇంకా వేడిగానే ఉండి, తర్వాత చల్లబడుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది. అప్పటికే బిగిసిన పై పొర దాన్ని కదలనివ్వదు. ఈ పెనుగులాట ఎక్కడికీ పోదు. కంటికి కనబడకుండా గాజులోనే నిలిచిపోతుంది. అలాంటి వస్తువు కొలిమిలోంచి బయటికి తీసినప్పుడే పగలవచ్చు, లేదా ఏడాది తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే పగలవచ్చు. కరిగిన గాజు బొట్టును నీళ్లలోకి జారవిడిస్తే తయారయ్యే చుక్కను పదిహేడో శతాబ్దం నుంచి ప్రయోగాల్లో చూపిస్తున్నారు. దాని తల సుత్తి దెబ్బకు తట్టుకుంటుంది. సన్నని తోకను చిటుక్కున విరిస్తే మాత్రం మొత్తం పొడి పొడి అయిపోతుంది. లోపల దాగిన ఒత్తిడి ఎంతటిదో దాన్ని బట్టి ఊహించవచ్చు.

అందుకే శిల్పాన్ని అనీలింగ్ చేస్తారు. స్టూడియోల్లో సాధారణంగా వాడే గాజుకైతే సుమారు 480 నుంచి 520 డిగ్రీల సెల్సియస్ మధ్య, లోపలా బయటా ఒకే వేడి వచ్చేదాకా ఉంచి, అక్కడినుంచి గంటకు కొద్ది డిగ్రీల చొప్పున దించుతారు. ఇక్కడ గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటి ఉంది. మందం రెండింతలైతే చల్లార్చే కాలం రెండింతలు కాదు, సుమారు నాలుగింతలు అవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. ఒక వేలు మందమున్న పళ్లేనికి ఒక రాత్రి సరిపోతే, జానెడు మందమున్న శిల్పానికి వారాలు కావాలి. కళకు సంబంధించింది కాకపోయినా దీనికి మంచి ఉదాహరణ పాలొమార్ దూరదర్శినికి కార్నింగ్‌లో 1934లో పోత పోసిన 200 అంగుళాల అద్దపు దిమ్మె. దాన్ని చల్లార్చడానికి దాదాపు పది నెలలు పట్టింది. అమెరికన్ శిల్పి రోనీ హార్న్ టన్నుల బరువున పోత పోయించే గాజు దిమ్మెలు కూడా ఇలాగే నెలల తరబడి బట్టీలో ఉంటాయి.

బట్టీ తలుపు తెరిచేదాకా లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. తెరిచాక కూడా కంటితో చూస్తే తెలియదు. పారదర్శకమైన గాజునైతే ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరైజింగ్ ఫిల్టర్ల (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పలకల) మధ్య పెట్టి చూస్తారు. ఒత్తిడి ఉన్న చోట చీకటిలోంచి వెలుగు చారలు తేలుతాయి. అవి కనబడితే శిల్పాన్ని మళ్లీ బట్టీలో పెట్టి, మెల్లగా వేడి చేసి, మళ్లీ మొదటినుంచి చల్లార్చాలి.

ప్రశ్న: అమెరికన్ గాజు కళాకారుడు డేల్ చిహూలీ తన శిల్పాలను తానే ఊదరని, ఆయన బృందం ఊదుతుందని విన్నాను. అలాంటప్పుడు వాటిని ఆయన కళాఖండాలని ఎలా అంటాం?

జవాబు: మీరు విన్నది నిజం; ఆయన దాన్ని ఎన్నడూ దాచలేదు. లిటిల్‌టన్ దగ్గర చదువుకున్న చిహూలీ 1968లో ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్ మీద ఇటలీలో వెనిస్ దగ్గరున్న మురానో దీవిలోని వెనీనీ గాజు ఫ్యాక్టరీకి వెళ్లి, అక్కడ మేస్త్రీ చుట్టూ సహాయకులు ఒక్క మాటైనా అనవసరంగా పలకకుండా పనిచేయడం చూశారు. 1971లో వాషింగ్టన్ రాష్ట్రంలో పిల్చక్ గాజు పాఠశాలను స్థాపించినవారిలో ఆయన ఒకరు. 1976లో ఇంగ్లండ్‌లో జరిగిన కారు ప్రమాదంలో ఎడమ కంటి చూపు పోయింది. ఒక కంటితో దూరం అంచనా కట్టడం కష్టం. 1979లో భుజం కూడా దెబ్బతినడంతో ఊదు గొట్టం పూర్తిగా వదిలేసి, రంగులతో పెద్ద పెద్ద బొమ్మలు గీసి, బృందాన్ని నడిపించడం మొదలుపెట్టారు. లాస్‌వేగాస్‌లోని బెలాజియో హోటల్ పైకప్పుకు 1998లో అమర్చిన దాదాపు 2000 గాజు పువ్వుల శిల్పం అలా తయారైనదే. దాన్ని ఒక్క మనిషి ఊది ఉండే అవకాశమే లేదు.

అసలు ఊదే గాజు ఒంటరి పని కాదన్న సంగతి కొలిమి ముందు కాసేపు నిలబడితే తెలిసిపోతుంది. సుమారు 1100 డిగ్రీల వేడిలో ఉన్న కొలిమిలోంచి తేనెలా సాగే గాజు ముద్దను గొట్టం చివర చుట్టి తీసిన క్షణంనుంచి గొట్టాన్ని తిప్పడం ఆగకూడదు. ఆగితే ముద్ద ఒక పక్కకు జారిపోతుంది. మేస్త్రీ బెంచీ మీద కూర్చుని ఒక చేత్తో గొట్టాన్ని దొర్లిస్తూ, రెండో చేత్తో తడిపిన కాగితపు మడతను అరచేతిలో పెట్టుకుని ముద్దకు రూపం ఇస్తుంటే, ఒక సహాయకుడు గొట్టం చివర నోరు పెట్టి ఊదుతాడు, ఇంకొకరు వేడి తగలకుండా చెక్క పలకను అడ్డం పెడతారు. చల్లబడినప్పుడల్లా ముద్దను రెండో కొలిమిలో మళ్లీ వేడి చేసి తెస్తారు. చివరికి వస్తువు అడుగున ఇనుప కడ్డీ అతికించి, గొట్టం దగ్గర విడగొట్టే ఆ రెండు మూడు క్షణాల్లో ఎవరి చెయ్యి తడబడినా అంతవరకూ చేసినది నేల మీద పడుతుంది.

కాబట్టి ఎవరి ఊపిరి అన్నదాన్ని బట్టి కర్తృత్వం తేల్చడం నాకు సరిగా తోచదు. బ్రిటిష్ కళాకారుడు ల్యూక్ జెరమ్ 2004లో మొదలుపెట్టిన వైరస్ శిల్పాలే చూడండి. వైరస్‌లు కాంతి తరంగాల కన్నా చిన్నవి కాబట్టి వాటికి రంగు ఉండదు. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో కనబడే ఎరుపు, పచ్చ రంగులు మనుషులు పూసినవి. వర్ణాంధత్వం ఉన్న జెరమ్ ఈ పూసిన రంగులను ప్రశ్నిస్తూ, అసలు వైరస్ కన్నా దాదాపు పది లక్షల రెట్లు పెద్దవైన రూపాలను రంగులేని గాజులో చేయించారు. చేసిచ్చినవారు ప్రయోగశాల పరికరాలు తయారుచేసే గాజు పనివాళ్లు. ఆలోచన లేకపోతే ఆ శిల్పం లేదు, వారి చేతులు లేకపోయినా లేదు. నా అభ్యంతరం ఒక్కటే: మ్యూజియం గోడ మీది చీటీలో తరచుగా ఒక్క పేరే ఉంటుంది. శిల్పం ఆలోచన ఒకరిదైనప్పుడు వారి పేరు పైన ఉండవచ్చు. ఊదిన మేస్త్రీ పేరు మాత్రం కింద తప్పకుండా ఉండాలి. మురానోలో పుట్టి ఇరవయ్యొక్క ఏళ్లకే మేస్త్రీ అయిన లీనో తాల్యాపియెత్రా 1979లో పిల్చక్‌కు వెళ్లి, తమ దీవి తరతరాలుగా గుట్టుగా దాచుకున్న మెళకువలను అమెరికన్లకు నేర్పారు. ఆయన నేర్పిన చేతులు ఆ తర్వాత ఎందరి శిల్పాల్లో పనిచేశాయో ఏ చీటీ మీదా కనబడదు.

ప్రశ్న: చిన్న కిల్న్ (బట్టీ) కొనుక్కుని రంగు గాజు పలకలను కలిపి కరిగించాను. బాగానే అతుక్కున్నాయి, కానీ మర్నాటికి రెండు రంగులు కలిసిన చోట సన్నని చీలిక వచ్చింది. ఎందుకు?

జవాబు: మీ పలకలు ఒకదానికొకటి సరిపడనివి అయి ఉండాలి. వేడికి వ్యాకోచించే తీరు గాజు గాజుకూ మారుతుంది. తీరు వేరైన రెండు గాజులు కరిగినప్పుడు చక్కగా కలిసిపోతాయి గానీ, చల్లబడేటప్పుడు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కుంచించుకుని అతుకు దగ్గర లాగుకుంటాయి. దీన్ని ఎంత మెల్లగా చల్లార్చినా సరిచేయలేం. స్టూడియో గాజును వ్యాకోచ గుణకాన్ని బట్టి 90, 96 అనే అంకెలతో అమ్ముతారు. ప్రయోగశాలల్లో వాడే బోరోసిలికేట్ గాజుది సుమారు 33. వేర్వేరు అంకెలవాటిని కలపకండి. అంకె ఒకటే అయినా చిక్కదనం తేడా వల్ల ఇబ్బంది రావచ్చు కాబట్టి, ఒకే తయారీదారు పరీక్షించి అమ్మే పలకలనే వాడండి. ఈ సౌకర్యం కూడా ఒక కళాకారుడు పట్టుబట్టడం వల్ల వచ్చిందే. జర్మనీకి చెందిన క్లౌస్ మోయె 1979లో పిల్చక్‌లో కలిసినప్పుడు, కలిపి కరిగించినా చీలని రంగు పలకలు తయారుచేసి ఇమ్మని పోర్ట్‌లాండ్‌లోని బుల్స్‌ఐ కంపెనీవారిని అడిగారు. ఆ తర్వాత 1982లో ఆయన ఆస్ట్రేలియాకు వెళ్లి కాన్‌బెరాలో గాజు విభాగాన్ని నెలకొల్పారు.

ప్రశ్న: ప్రదర్శనల్లో గాజు శిల్పాలు చూస్తే మెరుపు, రంగులు తప్ప ఇంకేమీ పట్టుబడదు. వాటిని ఎలా చూడాలి?

జవాబు: మందాన్ని చూడండి. రాతి శిల్పంలో కాంతి పైభాగం దగ్గరే ఆగిపోతుంది. గాజులో లోపలికి వెళ్లి, ప్రయాణించి, బయటికి వస్తుంది. ఎంత మందంలో ప్రయాణించిందన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. లిబెన్‌స్కీ, బ్రిఖ్తొవా 1993లో చేసిన ఎర్ర పిరమిడ్ కార్నింగ్ గాజు మ్యూజియంలో ఉంది. ఇలాంటి శిల్పంలో వాడేది ఒకే రంగు గాజు. మందంగా ఉన్న చోట అది నలుపుకు దగ్గరైన ఎరుపు. పలచబడే కొద్దీ వెలుగు పుంజుకుని అంచు దగ్గర నిప్పులా మండుతుంది. చిత్రకారుడు నీడకు ఒక రంగు, వెలుగుకు ఒక రంగు కలుపుకుంటాడు. వీరు మట్టిని ఎక్కడ ఎంత తీయాలో నిర్ణయించడం ద్వారానే ఆ రెండూ సాధించారు. కాబట్టి అలాంటి శిల్పం ముందు ఒకే చోట నిలబడకండి. కిటికీకి ఎదురుగా ఒకసారి, కిటికీని వెనక పెట్టుకుని ఒకసారి, చుట్టూ తిరుగుతూ చూడండి.

ఆ తర్వాత లోపలి ఖాళీని చూడండి. అమెరికాలో పుట్టి 1999లో ప్రాగ్ చేరిన కరెన్ లమాంట్ మనిషంత ఎత్తు గాజు దుస్తులు పోత పోస్తారు. మడతలు, కుచ్చులు, భుజం మీంచి జారే అంచు అన్నీ ఉంటాయి, వేసుకున్న మనిషి ఉండరు. అయితే గాజులోంచి చూస్తే ఆ దుస్తుల లోపలి వైపున ఒక స్త్రీ శరీరం అచ్చు పడి ఉంటుంది. బయటి ముఖమూ లోపలి ముఖమూ ఒకేసారి కనబడటం పాలరాతికీ కంచుకూ సాధ్యపడదు. ఏ గాజు శిల్పం ముందైనా నేను వేసుకునే ప్రశ్న ఇదే: దీన్నే కంచులో పోసి ఉంటే ఏం పోయేది? ఏమీ పోదని తోస్తే, ఎంత మెరిసినా దాని ముందు ఎక్కువసేపు నిలబడను.

ప్రశ్న: మా దగ్గర ఒక చిన్న పోత గాజు శిల్పం ఉంది. దాన్ని ఎలా శుభ్రం చేయాలి? గాజు మెల్లగా కిందికి జారుతుందని, పాత కిటికీల అద్దాలు అడుగున మందంగా ఉండటానికి అదే కారణమని కూడా విన్నాం.

జవాబు: జారడం గురించి బెంగ వద్దు. మామూలు గది వేడిలో గాజు కంటికి తెలిసేంత కదలడానికి విశ్వం వయసు కూడా చాలదు. పాత అద్దాలను తయారుచేసిన పద్ధతి వల్లనే వాటి మందం సమంగా ఉండేది కాదు. బిగించేవారు మందంగా ఉన్న అంచును తరచుగా కిందికి పెట్టేవారు. శుభ్రం చేయడానికి మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, అవసరమైతే గది వేడిలోనే ఉన్న డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపిన గుడ్డ వాడండి. అమోనియా కలిసిన ద్రావకాలు, వేడి నీళ్లు వద్దు. శిల్పాన్ని ఎత్తేటప్పుడు పొడుచుకు వచ్చిన భాగం పట్టుకోకుండా, ఉంగరాలు తీసేసి, రెండు చేతులతో అడుగు నుంచి ఎత్తండి. నేరుగా ఎండ పడే కిటికీలో ఉంచకండి: ముదురు రంగు మందపాటి గాజు ఒక పక్కనే వేడెక్కి చీలవచ్చు, గుండ్రంగా, స్వచ్ఛంగా ఉన్న గాజైతే భూతద్దంలా ఎండను ఒకచోట కూర్చి వెనకున్న గుడ్డనో కాగితాన్నో అంటించవచ్చు.