మొక్కజొన్న కంకులు ఎన్ని విజిల్స్ పెట్టినా గట్టిగానే ఉంటున్నాయి, బండి మీద వాటిలా ఎందుకు రావు?

మీ కుక్కర్ తప్పేమీ లేదండి. ఆరు విజిల్స్ తర్వాత కూడా గింజ పంటికి గట్టిగా తగులుతోందంటే మీరు ముదురు కంకి తెచ్చుకున్నారు. ఇంకో ఆరు పెట్టినా అది లేతది కాదు. వానాకాలమంతా మా ఇంట్లో ఇదే సాయంత్రం టిఫిన్, కాబట్టి నా లెక్కలో సగం పని కొనేటప్పుడే అయిపోవాలి.

కర్నూలు సీ క్యాంపు రైతు బజారుకు నేను పొద్దున్నే వెళ్తాను. కంకి విరిచినప్పటి నుంచే గింజలోని తీపి పిండిగా మారిపోతూ ఉంటుంది, మన ఎండకు ఇంకా తొందరగా. ముందు కాడ విరిగిన చోటు చూడండి. పచ్చిగా, తడిగా ఉంటే తాజాది. ఎండి గోధుమరంగుకు తిరిగితే వదిలేయండి. బయటి పీచు ఎండినా ఫర్వాలేదు, పైగా అది గింజ కట్టిందనడానికి గుర్తు. తర్వాత పొట్టు కాస్త పక్కకు లాగి, నడిమి వరుసలో ఒక గింజను గోటితో గిల్లండి. నీళ్లలా చిమ్మితే ఇంకా పాలు పట్టలేదు, చప్పగా ఉంటుంది. చిక్కటి పాలు వస్తే ఉడకబెట్టడానికి అంతకంటే మంచిది దొరకదు. పాలు రాకుండా గోటికి ముద్దలా అంటితే ఉడకబెట్టొద్దు, వడలకు పనికొస్తుంది. గోరే దిగకపోతే కోళ్లకు వేసుకోవడమే! కుప్పకు ఒకటి గిల్లితే చాలు, అన్నీ గిల్లుతూ కూర్చుంటే అమ్మే ఆమె ఊరుకోదు.

స్వీట్ కార్న్ అయితే మరిగే నీళ్లలో అయిదారు నిమిషాలు చాలు. నాటు కంకికి కుక్కర్లో మూడు నాలుగు విజిల్స్. లోపలి లేత పొట్టు రెండు పొరలు ఉంచే ఉడికిస్తే వాసన బాగుంటుంది. ఉప్పు నేను నీళ్లలో వేయను, తినేముందు నిమ్మచెక్కతో రుద్దుతాను. ఉడికాక బయట పెట్టేస్తే గింజలు ముడుచుకుపోతాయి, తినే దాకా ఆ వేడినీళ్లలోనే ఉండనివ్వండి.

బండి మీద రుచి మాత్రం బొగ్గులది. గ్యాస్ మంట నేరుగా తగిలితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. పుల్కా జాలీ పెట్టి, సన్న సెగ మీద, పొట్టుతోనే కాసేపు తిప్పి, ఆ తర్వాత ఒలిచి కాల్చండి. మా ఆవిడది కడప, వాళ్లింట్లో దోసెకు రాసే ఎర్రకారమే దీనికీ రాస్తారు. ఒకసారి తిన్నాక ఉప్పు, కారప్పొడి చప్పగా అనిపిస్తాయి.

ఇప్పటికే తెచ్చుకున్న ముదురు కంకులు పారేయకండి. గింజలు ఒలిచి పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, ఉప్పు వేసి నీళ్లు పోయకుండా రుబ్బండి. ఉల్లిపాయ, కొత్తిమీర కలిపి వడలు తట్టుకోండి, జారుగా ఉంటే కాస్త బియ్యప్పిండి. మెత్తగా అక్కర్లేదు, కానీ ప్రతి గింజా నలగాలి. నలగని గింజ నూనెలో టప్పున పేలి మొహం మీదికి చిందుతుంది.