క్లాడ్ బస్టర్ పక్కకి లాగేస్తుంటే: సర్వోను యాక్సిల్ మీదకు మార్చు

తమ్ముడూ, మీ మామయ్య అమెరికా నుంచి తెచ్చిన పాత టమియా క్లాడ్ బస్టర్, అదే రిమోట్‌తో నడిచే బొమ్మ మాన్‌స్టర్ ట్రక్, గతుకుల్లో తనంతట తానే పక్కకి లాగేస్తోందని రాశావు. టెన్షన్ పడకు, బండి పాడైపోలేదు. 1987లో వచ్చినప్పటి నుంచీ దానికి ఉన్న గుణమే ఇది.

ఒకే సర్వో, అంటే స్టీరింగ్ తిప్పే చిన్న మోటార్ పెట్టె, ఛాసిస్‌లో కూర్చుని, పొడవాటి రాడ్లతో ముందు, వెనక చక్రాలు నాలుగింటినీ పక్కలకి తిప్పుతుంది. గతుకులో యాక్సిల్ పైకి లేస్తుంది, రాడ్ పొడవు మాత్రం మారదు. దాంతో చక్రం పక్కకి తిరిగిపోతుంది.

మెటల్ గేర్లున్న బలమైన సర్వో తీసుకుని ముందు యాక్సిల్ మీదే బిగించు. అందుకు బ్రాకెట్లు విడిగా అమ్ముతారు. వెనక చక్రాలు పక్కలకి తిరగకుండా చిన్న రాడ్‌తో యాక్సిల్‌కే కట్టేయి. మోటార్ల వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్ మార్చాలనుకుంటే, బండిని నడిపే రెండు 540 సైజు బ్రష్డ్ మోటార్లను మోయగలిగేదే చూసుకో.

పాత ప్లాస్టిక్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. స్క్రూను ముందు వెనక్కి తిప్పు, పాత మరలో పడి టక్కుమన్నాక మెల్లగా బిగించు. కొత్త మర పడితే ఆ రంధ్రం పోయినట్టే. విప్పిన ఒరిజినల్ భాగాలన్నీ ఒక డబ్బాలో దాచు. ఆ రెండు మోటార్ల గోల వింటూ పెరిగినవాణ్ణి, ఆ భాగాలు చెత్తబుట్టలో పడితే నా ప్రాణం ఒప్పుకోదు. బిగించాక ఫొటో పెట్టు.