ఆ రాతింట్లో సిమెంటు జోలికి వెళ్లకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

యార్క్‌షైర్ డేల్స్‌లో పాత రాతి ఫార్మ్‌హౌస్ కొంటున్నామని నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో అలాంటి ఇళ్ల మరమ్మతులు చేయించడంలోనే నా వయసంతా గడిచింది కాబట్టి చెబుతున్నాను తల్లీ.

ఆ గోడ రెండడుగుల మందం ఉంటుంది. చూడ్డానికి ఒక్కటే గానీ నిజానికి రెండు గోడలు. లోపలొకటి, బయటొకటి, మధ్యలో రాతిముక్కలు, సున్నం. అక్కడక్కడా ఒక పొడవాటి రాయి అడ్డంగా వెళ్లి రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. వాన తేమ గోడలోకి వెళ్తుంది, సున్నపు అతుకుల్లోంచి మళ్లీ ఆరిపోతుంది. తాతయ్యగారి మండువా ఇంట్లో గానుగ సున్నం చేసిన పనే ఇది.

సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. అప్పుడది రాయిలోంచే బయటికి రావాలి. చలికాలంలో రాయిలోని నీళ్లు గడ్డకట్టి పైపొరలు ఊడతాయి. మొదట్లో తెలియక నేనే ఒక ఇంటికి సిమెంటు పెట్టించాను. కొన్ని చలికాలాలు గడిచాక వెళ్లి చూస్తే, సిమెంటు గీతలు తేనెపట్టు గదుల్లా ముందుకు నిలబడి ఉన్నాయి, ఇసుకరాయి లోపలికి అరిగిపోయింది. చేత్తో తడిమితే పొడి రాలింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకని పాత సిమెంటు తీయించాలంటే సుత్తీ ఉలితో నెమ్మదిగా తీయించు, గ్రైండర్ వద్దు, రాయి అంచులు పోతాయి. సున్నం పని వేసవిలోనే చేయించు. మంచు పడితే అది పాడవుతుంది. పూశాక తడి గోనెపట్టా కప్పి ఉంచాలి.

పైకప్పు రాతి పలకలు చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. ఆ వరస మార్చనివ్వకు. ఇల్లు లిస్టెడ్ అయితే, అంటే ప్రభుత్వం కాపాడే పాత కట్టడాల జాబితాలో ఉంటే, అనుమతి లేకుండా దాని రూపం మార్చే పనేదీ చేయకు, లోపల కూడా. 1990 చట్టం ప్రకారం అది నేరం. సందేహం వస్తే 1877లో విలియం మోరిస్ మొదలుపెట్టిన పాత కట్టడాల రక్షణ సంఘం వాళ్లు సలహా ఇస్తారు.

గుమ్మం మీద చెక్కిన సంవత్సరాన్ని చూసి మురిసిపోయావు కదా. అది ఇల్లు కట్టిన ఏడాదే కానక్కర్లేదు, పెంచి కట్టినప్పటిదీ కావచ్చు.

ఎవరైనా తేమ మీటరు ఆనించి, తేమ ఆగడానికి గోడలోకి రసాయన మందు ఎక్కించాలని చెబితే సంతకం పెట్టకు. ముందు చూరుగొట్టాలు శుభ్రం చేయించి, గోడ వెంబడి పేరుకున్న మట్టి తీయించు. మార్చిలో నేనొచ్చి, ఉత్తరం గోడ చూస్తాను.

మీ మామయ్య