పాలిచ్చే తల్లికి రొమ్ములో చీముగడ్డ: కోత తప్పదా, పాలు మానేయాలా?

పాలు మానేయకండి. ముందు ఆ మాట చెప్పి మిగతా సంగతులు చెప్తాను.

మీ పాపకు రెండో నెల అని, రొమ్ము వాచి నొప్పి చేసే మాస్టైటిస్‌కి యాంటీబయాటిక్ వాడితే జ్వరం తగ్గినా రొమ్ములో గడ్డ కరగలేదని, స్కాన్‌లో చీము ఉందని తేలిందని రాశారు. కోస్తారేమోనని మీకు భయం, పాలు మాన్పించమని ఇంట్లో వాళ్ల ఒత్తిడి. నా మొదటి కాన్పు తర్వాత నాకూ సరిగ్గా ఇదే వచ్చింది. ఆ సలుపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పాప ఏడుపు వినగానే పాలు చేపుకొచ్చి, దాంతోపాటే నొప్పి పొడుచుకొస్తుంది. మీరు ఏదో సరిగా చూసుకోకపోవడం వల్ల వచ్చింది కాదిది. మాస్టైటిస్ వచ్చిన వాళ్లలో కొద్దిమందికి ఎంత జాగ్రత్తగా ఉన్నా చీము పడుతుంది.

జ్వరం తగ్గింది కాబట్టి గడ్డ కూడా మాత్రలతోనే పోతుందని నాకు చాలామంది చెప్పారు. కానీ చీము ఒకసారి గూడు కట్టుకున్నాక దాని చుట్టూ గోడ ఏర్పడుతుంది. రక్తంలో వెళ్లే మందు ఆ గోడ దాటి లోపలికి సరిగా చేరదు. కాబట్టి చీము బయటికి రావాల్సిందే, మందు దానికి తోడు మాత్రమే. అందుకే యాంటీబయాటిక్ మొదలుపెట్టి రెండు రోజులైనా గడ్డ తగ్గకపోతే స్కాన్ చేయించాలంటారు. మీకు ఆ పని ఇప్పటికే అయిపోవడం మంచిదైంది.

ఇక కోత సంగతి. చీము అనగానే కత్తే అనుకునే రోజులు పోయాయి. పైన చర్మం బాగుంటే ఇప్పుడు ముందుగా చేసేది సూదితో లాగడమే. నాకూ అలాగే చేశారు. గడ్డ ఉన్నచోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కాస్త లావు సూది లోపలికి పంపి సిరంజితో చీము లాగారు. మత్తు సూది చురుక్కుమంది, తర్వాత ఏదో ఒత్తుతున్నట్టు తెలిసింది తప్ప నేను భయపడినంత నొప్పి లేదు. పాలు కలిసిన పసుపు చీము వచ్చింది. లోపల సెలైన్‌తో కడిగి మళ్లీ లాగేశారు. టేబుల్ దిగేసరికే బిగువు సడలి ప్రాణం లేచొచ్చింది.

కానీ ఒక్కసారితో అయిపోతుందనుకుని వెళ్లకండి. ఇది ముందే తెలియకపోతే చాలా నిరాశ కలుగుతుంది. రెండు మూడు రోజుల్లో చీము మళ్లీ చేరవచ్చు. అప్పుడు మళ్లీ స్కాన్, మళ్లీ సూది. నాకు ఒకటికంటే ఎక్కువసార్లే చేయాల్సి వచ్చింది. వైద్యం పనిచేయడం లేదని దానికి అర్థం కాదు, దీని తీరే అంత. మొదటిసారి తీసిన చీమును కల్చర్‌కు, అంటే అందులో ఏ బ్యాక్టీరియా ఉందో చూసే ల్యాబ్ పరీక్షకు పంపమని గుర్తుచేయండి. ఎక్కువగా స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా వల్లే ఇది వస్తుంది. వాటిలో మామూలు మందులకు లొంగని రకాలూ ఉన్నాయి. ఏ మందు పనిచేస్తుందో ఆ రిపోర్టులో తెలుస్తుంది.

చర్మం పల్చబడి మెరుస్తూ పగలడానికి సిద్ధంగా ఉన్నా, గడ్డ బాగా పెద్దదైనా, లోపల అరలు అరలుగా ఉన్నా, సూదితో ఎన్నిసార్లు లాగినా నిండుతున్నా చిన్న కోత పెడతారు, లేదా సన్నటి ట్యూబు వేస్తారు. అప్పుడు కూడా చిన్న గాటు చాలు. అది చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగానికి వీలైనంత దూరంగా ఉంటే పాప నోరు గాయానికి తగలదు. ఈ మాట డాక్టరుతో ముందే మాట్లాడండి, అడగడానికి మొహమాటపడొద్దు. గాయంలోంచి పాలు కారితే కంగారుపడకండి, పాలిస్తూ ఉన్నా చాలావరకు అదే మానుతుంది.

పాల విషయానికి వస్తే, హఠాత్తుగా ఆపేస్తే పాలు లోపలే నిలిచిపోయి వాపు, నొప్పి ఇంకా పెరుగుతాయి. ఆరోగ్యంగా, నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఈ పాల వల్ల హాని లేదు. నెలలు తక్కువగా పుట్టినా, ఒంట్లో బాగోలేకపోయినా మాత్రం పిల్లల డాక్టరును అడగండి. నేను రెండు వైపులా ఇచ్చాను. నొప్పి భరించలేని పూట బాగున్న వైపు పట్టించి, రెండో వైపు చేత్తో నెమ్మదిగా పిండేదాన్ని. పాప తాగేంత తీస్తే చాలు. రొమ్ము ఖాళీ చేయాలని గంటగంటకూ పంపు పెడితే పాలు ఇంకా ఎక్కువ ఊరుతాయి. గడ్డ కరగాలని గట్టిగా మర్దనా చేయనివ్వకండి, లోపలి కణజాలం ఇంకా వాస్తుంది. పాలు పట్టాక చల్లటి గుడ్డ వేసుకుంటే హాయిగా ఉంటుంది.

పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ రెండూ పాలిచ్చే వాళ్లు వాడేవే. ఐబుప్రొఫెన్ వాపు కూడా తగ్గిస్తుంది. అల్సర్, కిడ్నీ, ఆస్తమా సమస్యలుంటే మాత్రం ముందు డాక్టరుకు చెప్పాలి. దీనికి సాధారణంగా రాసే క్లోక్సాసిలిన్, సెఫలెక్సిన్ వంటి యాంటీబయాటిక్స్ వాడుతూ పాలివ్వొచ్చు. పాపకు విరేచనాలు కాస్త పల్చబడవచ్చు. కోర్సు మామూలుగా 10 నుంచి 14 రోజులు ఉంటుంది, నొప్పి పోయిందని మధ్యలో ఆపొద్దు. పెన్సిలిన్ పడదంటే మొదటే చెప్పండి.

ఒణుకుతో జ్వరం తిరగబెట్టినా, గుండె దడగా ఉన్నా, మనిషి మగతగా అయిపోయినా, ఎరుపు వేగంగా పాకుతున్నా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పాలు మాన్పించమంటున్న వాళ్లను ఈసారి మీతో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మా ఇంట్లో నేను ఎంత చెప్పినా వినని మాట, డాక్టరు నోట వచ్చాకే విన్నారు. పాపను ఎవరో ఒకరు ఎత్తుకుంటే మీరు కాసేపు నిద్రపోవచ్చు, ఈ రోజుల్లో అదీ మీకు చాలా అవసరం.

చీమంతా పోయాక కూడా అక్కడ గట్టిదనం కొన్ని వారాలు ఉంటుంది. నాకూ ఉండి మెల్లగా కరిగిపోయింది. అది తగ్గకుండా అలాగే ఉన్నా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా మళ్లీ స్కాన్ చేయించి, బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అవసరమా అని అడగండి. చాలా అరుదుగా క్యాన్సర్ కూడా ఇలా చీముగడ్డలా కనిపిస్తుంది కాబట్టి, గడ్డ పూర్తిగా పోయిందని డాక్టరు చూసి చెప్పే దాకా వెళ్తూనే ఉండండి.